చివరి అంకె చూసి జబ్బు చెప్పే పట్టిక

పుట్టిన సంవత్సరంలో చివరి అంకె 4 గానీ 5 గానీ అయితే మీరు చెట్టు. 6, 7 అయితే నిప్పు. 8, 9 మన్ను. సున్నా, ఒకటి లోహం. 2, 3 నీరు. చెట్టువాళ్లు కాలేయం, పిత్తాశయం జాగ్రత్తగా చూసుకోవాలి, కోపం తగ్గించుకోవాలి. నిప్పువాళ్లకి గుండె, చిన్నపేగు బలహీనం. మరీ ఎక్కువ సంతోషపడకూడదు. మన్నువాళ్లకి ప్లీహం, జీర్ణకోశం. ఏదో ఒకటి తలుచుకుని ఊరికే మథనపడే గుణం. లోహంవాళ్లకి ఊపిరితిత్తులు, పెద్దపేగు, దుఃఖం. నీటివాళ్లకి మూత్రపిండాలు, మూత్రాశయం, భయం. పట్టిక మొత్తం ఇంతే. అరపేజీలో పడుతుంది, మిగతా అరపేజీలో ఫోన్ నంబరు పెద్దక్షరాల్లో వేసుకోవచ్చు.

హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో డీటీపీ సెంటర్ పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని చదివించుకున్నదాన్ని. పొద్దున వచ్చే పనంతా కోచింగ్ సెంటర్ల కరపత్రాలే. ఒరాకిల్, జావా, మెయిన్‌ఫ్రేమ్స్, ఫ్రీ డెమో. సందడి తగ్గే మధ్యాహ్నం వేళ ఇంకో రకం జనం వచ్చేవారు. పంజాగుట్టలో నవ్వే బుద్ధుడి బొమ్మలు, మూడు కాళ్ల కప్పలు, వెదురు మొక్కలు అమ్మే దుకాణదారు ఒకాయన. ఆదివారాలు ఆక్యుప్రెషర్ క్లాసులు చెప్పే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి. సుజోక్ వైద్యం చేసే ఒకావిడ. జాతకాలు రాసే శాస్త్రిగారు. నలుగురూ తెచ్చింది ఈ పట్టికే. నలుగురూ చెప్పిందీ ఒక్కటే మాట: "ఇది మా గురువుగారు ఇచ్చింది, ఇంకెవరికీ చూపించకండమ్మా."

చూపించేదేముంది, నలుగురి కాగితాల్లోనూ పిత్తాశయం 'పిత్తశయం' అనే ఉంది. తాళపత్రాలు పరిష్కరించే పండితులు ఏ ప్రతి ఏ ప్రతినుంచి పుట్టిందో తప్పుల్ని బట్టే పట్టేస్తారట. ఆ లెక్కన ఈ నలుగురి గురువూ ఒక్కడే. నేను పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో దీన్ని చక్రంగా పేర్చాను, నక్షత్రంగా పేర్చాను, తామరరేకుల్లో కూర్చాను. పేర్చేకొద్దీ ఇది ఎక్కడ పుట్టి, ఏ దారిన మా సందుదాకా వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. అమీర్‌పేట గ్రంథాలయాలకి పేరుపడ్డ పేట కాదు గానీ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరకని పుస్తకం తక్కువ.

ముందుగా ఈ పట్టికతో మావాళ్లు పడ్డ తంటా చెప్పాలి. దీనికి కావలసింది ఒక్క సంవత్సరమే గదా. తెలుగుదేశంలో ఒక తరానికి ఆ ఒక్కటే తేలదు. బడిలో చేర్పించేనాడు పంతులుగారు పిల్లవాడిని ఎగాదిగా చూసి, జూలై 1 అని ఏదో ఒక ఏడు వేసి పంపిన తరం అది. ఖమ్మం వైపునుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్‌లో స్థిరపడ్డ ఒక పెద్దాయన ప్రూఫు దిద్దుకోవడానికి వచ్చి పట్టిక చూశాడు.

"మేడమ్, ఇందులో నాదేది?"

"పుట్టిన సంవత్సరం చెప్పండి సార్."

"సర్టిఫికెట్‌దా, అసలుదా?"

సర్టిఫికెట్లో 1957. వాళ్లమ్మ చెప్పింది మన్మథనామ సంవత్సరం, శ్రావణమాసం. అంటే 1955. అమ్మ మాట ప్రకారం చెట్టు, పంతులుగారి ప్రకారం నిప్పు. ఆయన కాసేపు ఆలోచించి, "గుండెకి మాత్రలు వాడుతున్నాను, కాబట్టి సర్టిఫికెట్టే కరెక్టు" అని తేల్చుకుని వెళ్లిపోయాడు. జనవరిలో పుట్టినవాళ్ల సంగతి ఇంకో చిక్కు. చైనావాళ్ల కొత్త సంవత్సరం జనవరి చివరిలోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. జాతకం వేసేవాళ్లయితే ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే వసంతారంభం నుంచి లెక్కపెడతారు. ఆ ముక్క నలుగురి కాగితాల్లో ఒక్కదాంట్లోనూ లేదు.

మా వైపు ఇది వచ్చిన వరస చెబుతాను. 1990లలో హైదరాబాదుకి ముందు పట్టింది వాస్తు పిచ్చి. గౌరు తిరుపతిరెడ్డి వాస్తు పుస్తకాలు లేని బిల్డర్ ఆఫీసు ఉండేది కాదు. గోడ పడగొట్టి వంటిల్లు ఆగ్నేయానికి మార్చుకోలేని అద్దె ఇళ్లవాళ్లకి, అపార్టుమెంట్లవాళ్లకి ఫెంగ్‌షూయి చవకైన దారి చూపించింది: గోడ జోలికి పోవద్దు, గంటలు వేలాడదీయండి, బొమ్మ పెట్టండి. బొమ్మ అమ్మినవాడు దాంతోపాటు ఒక కరపత్రం ఇవ్వాలి. మీది ఏ మూలకమో తెలిస్తేనే కదా ఏ రంగు బొమ్మ కొనాలో తెలిసేది! పట్టిక అలా దుకాణం గల్లాపెట్టె దగ్గరినుంచి బయల్దేరింది.

ఇంకో దారి వైద్యానిది, దానికి కాస్త మర్యాదైన చరిత్ర ఉంది. 1938లో కాంగ్రెస్ చైనాకి పంపిన అయిదుగురు డాక్టర్ల బృందంలో కోట్నిస్ అక్కడే 1942లో చనిపోయాడు. శాంతారాం సినిమా పుణ్యమా అని ఆయన పేరు అందరికీ తెలుసు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకొచ్చి, 1959 నుంచి కలకత్తాలో వైద్యం చేశాడు. 1971లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కి పెకింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ అయింది. తర్వాతి కడుపునొప్పికి అక్కడివాళ్లు సూదులు గుచ్చారని ఆయన రాశాక ప్రపంచమంతా దానివైపు తిరిగింది. మా దగ్గరికి వచ్చేసరికి సూదులు పోయి వేళ్లు మిగిలాయి. కొరియా ఆయన పార్క్ జే వూ తయారుచేసిన సుజోక్‌లో అయితే చెయ్యే ఒళ్లంతా. మా సుజోక్ ఆవిడ క్లినిక్ పంజాగుట్టలో ఒక మెట్లదారి పైన ఉండేది. వచ్చినవాళ్ల వేలి కణుపు మీద ఆకుపచ్చ స్కెచ్‌పెన్‌తో గీత గీసి, గోరు పక్కన మెంతిగింజలు నాలుగు వరసగా పెట్టి, తెల్లటి ప్లాస్టర్ అంటించి, "గంటకోసారి నొక్కుతుండండి" అని పంపేది. నిమ్స్‌లో వెన్నుపూస స్కానింగ్ తీయించుకుని, ఆ పెద్ద కవరు చంకలో పెట్టుకునే ఆవిడ దగ్గరికి వచ్చేవారు కొందరు. 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలై 1986లో నిమ్స్‌గా మారిన ఆ ఆసుపత్రికి, ఈ మెంతిగింజలకీ మధ్య దూరం ఒక రోడ్డు దాటడమే. రెండూ అవసరమనే అనుకునేవారు జనం.

ఇక చైనా సంగతి. అక్కడ ఈ అయిదూ మొదట మనిషి జబ్బుల కోసం పుట్టినవి కావు. క్రీ.పూ. 3వ శతాబ్దపు ఝౌ యెన్ చెప్పింది రాజ్యాల గురించి. ఒక రాజవంశానిది మన్ను గుణమైతే దాన్ని చెట్టు గుణమున్న వంశం జయిస్తుంది, దాన్ని లోహం, దాన్ని నిప్పు, దాన్ని నీరు. తర్వాత క్రీస్తుకి ముందటి చివరి శతాబ్దాల్లో కూర్చిన 'హువాంగ్‌ది నైజింగ్' వైద్యగ్రంథం ఈ అయిదింటినీ ఒంట్లోకి తెచ్చింది. తూర్పు, వసంతం, గాలి, చెట్టు, కాలేయం, పులుపు, కోపం: ఇవన్నీ ఒక వరస. అలా అయిదు వరసలు. ఇక్కడ చెట్టంటే కట్టె కాదు, మొలిచి పైకి లేచే దశ. నిప్పు ఎగసే దశ, లోహం ముడుచుకునే దశ, నీరు అణిగి దాక్కునే దశ. అయిదూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోయేవి. పుట్టిన ఏటిని బట్టి ఒక మనిషి జీవితాంతం చెట్టుగానే ఉండిపోతాడన్నమాట ఆ పుస్తకంలో కనిపించదు. ఋతువుతోపాటు ఒంట్లో ఏది హెచ్చింది, ఏది తగ్గింది అనేది అక్కడ ప్రశ్న.

సంవత్సరం లెక్క దీంట్లోకి ఎప్పుడు దూరింది? 762లో వాంగ్ బింగ్ అనే ఆయన ఆ గ్రంథాన్ని సంస్కరించినప్పుడు ఏడు పెద్ద అధ్యాయాలు చేర్చాడంటారు. అయిదు గమనాలు, ఆరు వాయువుల లెక్క అది. ఫలానా ఏడు చెట్టు గమనం ఎక్కువ, కాబట్టి గాలులు ఎక్కువ, కాబట్టి ఊళ్లో ప్లీహం జబ్బులు ఎక్కువ, ఈ ధోరణి. చూడండి, ఇది ఆ ఏడాది బతికున్న అందరికీ వర్తించే మాట. మన ఉగాది పంచాంగశ్రవణంలో ఈ ఏడు వాన ఎన్ని తూములు, ఎండలెలా, పంటలెలా అని చెబుతారే, దాని చుట్టం. సుంగ్ చక్రవర్తుల కాలంలో రాజవైద్య విద్యార్థులు ఈ లెక్క మీద పరీక్షలు కూడా రాశారు. ఆ రోజుల్లోనే షెన్ కువో అనే మేధావి, ఈ లెక్కని నమ్ముతూనే, ఊరూరికీ వాతావరణం వేరుగా ఉంటే అన్నిచోట్లా ఒకే సూత్రం ఎలా కుదురుతుందని విసుక్కున్నాడు. పంజాగుట్ట చౌరస్తాలో నడుముల్లోతు నీళ్లు నిలిచి, అమీర్‌పేటలో దుమ్ము లేస్తున్న సాయంత్రాలు చూసినవాళ్లకి ఆయన బాధ అర్థమవుతుంది.

అంతకంటే వెయ్యేళ్ల ముందే వాంగ్ చుంగ్ అని ఒకడు పుట్టాడు. 1వ శతాబ్దం మనిషి, మహా గడసరి. పన్నెండు జంతువులకీ ఈ అయిదు గుణాలు అంటగట్టేవాళ్లని పట్టుకుని అడిగాడు. ఎలుక నీరు, గుర్రం నిప్పు అంటారు గదా, నీరు నిప్పుని ఆర్పుతుంది గదా, మరి ఎలుక గుర్రాన్ని తరమదేం? కోడి లోహం, కుందేలు చెట్టు. కోడి కుందేలుని పొడిచి తినదేం? ఇంత సూటిగా అడిగినవాడు మన శతకకారుల్లో వేమన ఒక్కడే కనిపిస్తాడు నాకు.

మరి ఒక్కొక్క మనిషికీ విడివిడిగా జాతకం? అది వేరే పాయ. తాంగ్ రాజుల కాలంలో లీ శుజుంగ్ పుట్టిన సంవత్సరం, నెల, రోజు పెట్టి ఫలం చెప్పేవాడు. ఆ తర్వాత శూ జీపింగ్ గడియని కూడా కలిపి, నాలుగు స్తంభాల లెక్క చేశాడు. ఆయన చేసిన అసలు మార్పు ఏమిటంటే, మనిషి మూలకం సంవత్సరంలో కాదు, పుట్టిన రోజులో చూడాలన్నాడు. వెయ్యేళ్లుగా చైనా జోస్యులు ఎక్కువమంది నడిచే దారి అదే. అంటే సంవత్సరం చివరి అంకె చూసి నువ్వు చెట్టు, నువ్వు నీరు అనడం అక్కడి జోస్యులే ఎప్పుడో పక్కన పెట్టేసిన పద్ధతి. మనకి దిగుమతి అయింది వాళ్లు పక్కన పెట్టిందే. సులువుగా అచ్చేసుకోవచ్చు గదా మరి. రోజు మూలకం కట్టాలంటే పంచాంగం కావాలి, చివరి అంకెకి ఏమీ అక్కర్లేదు.

ఇదంతా చదువుతున్నప్పుడు నన్ను పట్టి ఆపిన సంగతి ఒకటుంది. అరవై. చైనావాళ్ల పది కాండాలు, పన్నెండు శాఖలు కలిపి తిప్పితే అరవై ఏళ్లకి చక్రం పూర్తవుతుంది: అయిదు మూలకాలు, పన్నెండు జంతువులు. మన ప్రభవ నుంచి అక్షయ దాకా కూడా అరవయ్యే. అదీ అయిదు పన్నెళ్లే. వరాహమిహిరుడి 'బృహత్సంహిత'లో అయిదేళ్ల యుగాలు పన్నెండు. గురుడు ఆకాశంలో ఒక చుట్టు తిరగడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుందన్నది రెండువైపులా చూశారు. చైనా చక్రం 1984లో కొత్తగా మొదలైంది, మనది మూడేళ్ల తర్వాత 1987లో ప్రభవతో. గ్రహాలకి ఇచ్చిన గుణాలు పోల్చి చూస్తే ఇంకా తమాషా. వాళ్లకి గురుడు చెట్టు, కుజుడు నిప్పు, శని మన్ను, శుక్రుడు లోహం, బుధుడు నీరు. మన పరాశర సంప్రదాయంలో గురుడు ఆకాశం, కుజుడు అగ్ని, శని వాయువు, శుక్రుడు జలం, బుధుడు భూమి. అయిదింటిలో కలిసింది కుజుడొక్కడే, ఎర్రగా కనిపిస్తాడు కాబట్టి.

ఈ రెండు అరవైలూ ఒకే ఇంట్లో కాపురం పెట్టిన చోటు ఒకటుంది: టిబెట్. అక్కడ సంవత్సరాల చక్రం 1027 నుంచి లెక్క. కాలచక్ర తంత్రం భారతదేశం నుంచి అక్కడికి చేరిన ఏడు అదేనని చెబుతారు. ఆ చక్రంలో మొదటి ఏడు ప్రభవ. 1027 నుంచి అరవయ్యేసి చొప్పున లెక్కపెట్టుకుంటూ రండి, 1987లో పదిహేడో చక్రం మొదలవుతుంది. మన ప్రభవ వచ్చిన ఏడే! అదే ఏటికి వాళ్ల పంచాంగంలో చైనా గుర్తు కూడా ఉంటుంది: నిప్పు కుందేలు. ఇక ఆ కాలచక్రాన్ని బుద్ధుడు మొదట చెప్పింది ఎక్కడ అంటే, టిబెటన్ల నమ్మకం ప్రకారం ధాన్యకటక స్తూపం దగ్గర. అంటే మన అమరావతిలో. అందుకే దలైలామా 2006 జనవరిలో అక్కడికొచ్చి కాలచక్ర దీక్షలిచ్చాడు. మా అమ్మగారి ఊరు అక్కడికి దగ్గర. సంక్రాంతికి వెళ్లినప్పుడు కృష్ణ ఒడ్డున గుడారాలు, ఎర్రబట్టల భిక్షువులు, మిరపకాయ బజ్జీల బండి దగ్గర లడఖ్ ముసలమ్మలు. వాళ్లకి ఇది పుణ్యక్షేత్రమని మావాళ్లలో చాలామందికి ఆ రోజుదాకా తెలియదు. మా పెద్దమ్మ ఒక ముసలమ్మకి తెలుగులోనే, "మీదే ఊరమ్మా?" అని అడిగి, ఆవిడ ఏదో చెబితే తలూపి మజ్జిగ ఇచ్చింది.

టిబెటన్లకి వైద్యం, జ్యోతిషం రెండూ ఒకే సంస్థ కిందివి. 1916లో లాసాలో పెట్టిన మెన్‌-త్సీ-ఖాంగ్‌ని 1961లో ధర్మశాలలో తిరిగి నెలకొల్పుకున్నారు. దాని శాఖా వైద్యశాల హైదరాబాదులోనూ ఉంది. వాళ్ల సోవా రిగ్పా వైద్యాన్ని 2010లో మన ప్రభుత్వం చట్టబద్ధంగా గుర్తించింది. ఈ ఇంట్లో రెండు అయిదులున్నాయి. మందుల గుణాలు చెప్పేటప్పుడు మన అయిదే వాడతారు: భూమి, నీరు, అగ్ని, వాయువు, ఆకాశం. వాతపిత్తకఫాలూ మనవే, వాగ్భటుడి 'అష్టాంగహృదయం' 11వ శతాబ్దంలోనే వాళ్ల భాషలోకి వెళ్లింది. జాతకం వేసేటప్పుడు, ఋతువుని బట్టి నాడి చూసేటప్పుడు చైనా అయిదు: చెట్టు, నిప్పు, మన్ను, ఇనుము, నీరు. ఆ జాతకంలో పుట్టిన ఏటిని బట్టి ప్రాణానికి ఒక మూలకం, శరీరానికి ఒకటి, అధికారానికి ఒకటి, అదృష్టానికి ఒకటి విడివిడిగా కడతారు. నడుస్తున్న ఏటి మూలకంతో పోలుస్తారు. తల్లి వరసా, బిడ్డ వరసా, స్నేహితుడా, శత్రువా అని చూసి తెల్లచుక్కలు, నల్లచుక్కలు పెడతారు. శరీరం గడిలో నల్లచుక్కలు పడితే ఆ ఏడు ఒంటి విషయం కనిపెట్టుకోమని. వచ్చే ఏటికి చుక్కలు మారతాయి. పుట్టుకతో వచ్చిన శిక్షేమీ కాదు అది.

రెండు అయిదుల్నీ వెయ్యేళ్లుగా చేతిలో పెట్టుకున్నవాళ్లు వాటిని రెండు సొరుగుల్లో పెట్టుకున్నారు. నేను ఒకసారి మా చెల్లెల్ని మోకాళ్లనొప్పులకి టిబెటన్ వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు పెట్టి చాలాసేపు నాడి చూసింది. ఏం తింటావు, నిద్ర ఎలా, చలికి నొప్పి పెరుగుతుందా అని అడిగింది. వయసు అడిగింది. పుట్టిన సంవత్సరం ఊసే ఎత్తలేదు. రేగిపళ్ల గింజల్లాంటి గోధుమరంగు ఉండలు కాగితప్పొట్లాల్లో ఇచ్చి, నమిలి వేడినీళ్లు తాగమంది. అవి నాలిక మీద పెట్టుకున్న మా చెల్లెలి మొహం చూస్తే, చేదుకి మూలకం ఏదైతేనేం అనిపించింది.

మా పేటలో ఆ సొరుగులు కలిసిపోయాయి. కలిపింది శాస్త్రిగారు. ఆయనకి చైనా పట్టిక మొదట్నించీ మింగుడుపడలేదు: "మన పంచభూతాలుండగా ఈ చెక్కేంటమ్మా, ఈ ఇనుమేంటి?" కానీ వచ్చేవాళ్లు అడిగేది అదే. పెరటి చెట్టు మందుకి పనికిరాదు గదా. రెండు నెలలు ఆలోచించి కొత్త ప్రతి తెచ్చారు. చివరి అంకెలు అవే, అవయవాలు అవే, పక్కన పంచభూత లింగాలు! మన్నువాళ్లు కంచికి, నీటివాళ్లు జంబుకేశ్వరానికి, నిప్పువాళ్లు అరుణాచలానికి వెళ్లాలి. ఇంతవరకూ బాగానే ఉంది. మిగిలినవి రెండు క్షేత్రాలు, రెండు మూలకాలు, ఒకదానికొకటి సరిపోవు. చెట్టువాళ్లని వాయులింగమున్న శ్రీకాళహస్తికి పంపారు. అది తప్పని అనలేను, చైనా గ్రంథంలో చెట్టు వరసలో ఉన్నది గాలే గదా, ఆయనకి తెలియకుండానే కుదిరింది. లోహంవాళ్లకి చిదంబరం, ఆకాశలింగం. లోహానికీ ఆకాశానికీ చుట్టరికం ఏ దేశంలో చూశారు స్వామీ అంటే, "అయిదో గడి ఖాళీగా వదిలేస్తామామ్మా?" అన్నారు. ఇప్పటికీ వాట్సాప్‌లో తిరిగే తెలుగు పట్టికల్లో లోహం దగ్గర చిదంబరం కనబడితే అది మా సందులో పుట్టినదే అనుకుంటాను.

శాస్త్రిగారిని తప్పుపట్టబుద్ధి కాదు. నాకు చిరాకు వేరే ఉంది. పంచభూతాలతో వైద్యం చేసే ఆసుపత్రి మా పేట పక్కనే పెట్టుకుని, ఒక్కడూ దాని ఊసు ఎత్తకపోవడం. బల్కంపేట దారిలో ప్రకృతి చికిత్సాలయం ఉంది, ఆవరణలోనే గాంధీ పేరు మీద ప్రకృతివైద్య కళాశాల. అక్కడ మన్నంటే పొట్టమీద వేసే మట్టిపట్టీ. నీరంటే తొట్టిస్నానం, ఎనిమా. నిప్పంటే ఎండ. గాలంటే నడక, ప్రాణాయామం. ఆకాశమంటే ఉపవాసం, పొట్ట ఖాళీగా ఉంచడం. పుట్టిన ఏడు ఏదైనా పొట్టమీద పడేది అదే బురద. ఈ వైద్యం మన దేశంలో వేళ్లూనడానికి మొదటి మెట్టు తెలుగులోనే పడింది. జర్మనీలో లైప్‌జిగ్ వాసి లూయీ కూనే రాసిన పుస్తకాన్ని 1894లో వెంకటాచలపతి శర్మ తెలుగు చేశారు. హిందీ, ఉర్దూల్లోకి వచ్చింది దానికి పదేళ్ల తర్వాత. గాంధీ 1946లో ఉరుళీకాంచన్‌లో ఆశ్రమం పెట్టేనాటికి మనవాళ్లు తొట్టిస్నానాలు చేయబట్టి అర్ధశతాబ్దం. ఇంకో రెండడుగులేస్తే బల్కంపేట ఎల్లమ్మ. నేలమట్టానికి దిగువన, బావిలో ఉంటుంది తల్లి. ఆ బావినీళ్లు చల్లుకుంటే చర్మవ్యాధులు పోతాయని ఆషాఢంలో కల్యాణానికి వచ్చే జనం. నమ్మినా నమ్మకపోయినా, అక్కడా ఎవరి పుట్టినతేదీ ఎవరూ అడగరు.

నా సంగతి అడిగితే, నాది 1970, సాధారణ నామ సంవత్సరం. పేరుకి తగ్గట్టే ఉన్నాను. చైనా లెక్కలో లోహం, కుక్క, ఊపిరితిత్తులు జాగ్రత్త. నాకు దగ్గున్న మాట నిజం. "చూశారా, పట్టిక ఎంత కరెక్టో!" అని బ్యాంకాయన ఎగిరి గంతేశాడు. పక్కగదిలో స్క్రీన్ ప్రింటింగువాళ్ల థిన్నర్ వాసన, మా మిషన్ టోనర్ పొడి, ఆపైన 2017 నవంబరులో మెట్రో తెరిచేదాకా ఏళ్ల తరబడి రోడ్డు తవ్విన దుమ్ము. ఆ సందులో చెట్టు, నిప్పు, మన్ను, నీరు అందరూ దగ్గినవాళ్లే. వాంగ్ బింగ్ చేర్చాడన్న అధ్యాయాల పద్ధతే ఇక్కడ నయం: ఈ ఏడు ఈ చోట గాలి బాగాలేదు కాబట్టి అందరికీ దగ్గొస్తుంది అని చెప్పి ఊరుకునేవాడు.

ఈ లెక్కని మరీ తేలిగ్గా తీసిపారేయడానికీ లేదు, ఒక దేశాన్నే ఊపింది. జపాన్‌లో నిప్పు గుర్రం ఏట పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందని నమ్మకం. 1966 అలాంటి ఏడు. 1965లో ఆ దేశంలో పుట్టినవాళ్లు 18 లక్షలకు పైన. 1966లో ఆ సంఖ్య 13.6 లక్షలకు పడిపోయి, 1967లో మళ్లీ 19 లక్షలు దాటింది. బుల్లెట్ రైళ్లు అప్పటికే పరిగెడుతున్న దేశం అది.

ఆ నిప్పు గుర్రం అరవై ఏళ్లకి తిరిగి వచ్చింది, 2026లో. మన లెక్కలో 1966 పరాభవ, 2026 ఉగాది నుంచీ పరాభవే. దుకాణం ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. శుభలేఖల మాటర్ దిద్దడానికి మాత్రం నన్ను కూర్చోబెడతాడు. ఈమధ్య ఎస్.ఆర్. నగర్‌నుంచి ఒకావిడ వాళ్లాయన షష్టిపూర్తి కార్డు వేయించడానికి వచ్చింది. కోడలికి ఏడో నెలట. ఫోన్‌లో ఎవరో పంపిన నిప్పు గుర్రం వీడియో చూపించి, "ఆడపిల్ల పుడితే ఎట్లాగండీ?" అంది. జపాన్ కథ చెప్పాను. పుట్టిన పిల్లలు బాగానే పెరిగి ఇప్పుడు అరవయ్యోపడిలో పడ్డారని కూడా చెప్పాను.

"మీ వారిది కూడా ఆ ఏడే కదండీ, నిప్పు గుర్రం. ఎలా ఉన్నారు?"

"ఆయనకేం, రాయిలా ఉన్నారు. షుగరొక్కటే. పన్నెండేళ్లయింది." అని, గోడకి అంటించి ఉన్న పాత పట్టిక వైపు చూసి, "అవునూ, షుగర్ ఇందులో ఏ మూలకం కిందికొస్తుంది?"

క్లోమగ్రంథి ఆ పట్టికలో ఏ గడిలోనూ లేదన్నాను. చైనావాళ్ల పాత గ్రంథాల్లో దానికి వేరే చోటు లేదు.

"అయ్యో, అదేంటమ్మా! అందరికీ ఉన్న జబ్బు అదే గదా. ఒక గడి పెట్టించండి" అంది, కార్డు అడ్వాన్సు కింద అయిదొందలు తీసి బల్ల మీద పెడుతూ.